ఇంటీరియర్స్ బిజినెస్ ఏళ్లుగా అక్కడే ఆగిపోయిందా? ముందు మీకొచ్చే ఫోన్లు లెక్కేస్కోండి

హైదరాబాద్‌లో ఇంటీరియర్స్ చేసేవాళ్లలో ఒక బ్యాచ్ ఉంటుంది, పని నీట్‌గా ఉంటుంది, పేరుంది, పాత క్లయింట్లే కొత్తవాళ్లని తీస్కొస్తారు, కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో టవర్ లేస్తే నాలుగు ఫ్లాట్లు వీళ్లకే వస్తాయి, అయినా ఏళ్ల తరబడి ఒకేసారి ఏడెనిమిది సైట్ల దగ్గరే ఆగిపోతారు. మార్కెట్ లేక కాదు. ఓనర్ కారు వారంలో తిరగగలిగేది అన్నే సైట్లు, అంతే. ఓనర్‌ని అడగకుండానే టీం సొంతంగా నిర్ణయాలు తీస్కునేలా ఎలా కోచింగ్ ఇవ్వాలో వాళ్ల కోసం రాస్తున్నా. కొత్తగా పెట్టినవాళ్లకి ముందు పని రావాలి, అది వేరే లెక్క.

మొదట చేయాల్సింది చాలా సింపుల్. ఒక వారం పాటు టీం నుంచి మీకొచ్చే ప్రతి ఫోన్, ప్రతి వాట్సాప్ ప్రశ్న ఒక పుస్తకంలో రాస్కోండి. "సార్ చిమ్నీ పాయింట్ ఎంత ఎత్తులో?", "అన్నా ఆ లామినేట్ కోడ్ స్టాక్ లేదంట, దగ్గర షేడ్ ఏదైనా వేసేద్దామా?", "మేడం కార్పెంటర్ అడ్వాన్స్ అడుగుతున్నాడు", ఇలాంటివన్నీ. వారం అయ్యాక చూస్తే మూడు రకాలు తేలతాయి: అసలు డ్రాయింగ్‌లోనే ఉండాల్సినవి, వాళ్లే తేల్చుకోగలిగినవి, నిజంగా మీరే చెప్పాల్సినవి. మూడో రకం పిడికెడు కూడా ఉండవు, చూస్కోండి కావాలంటే.

డ్రాయింగ్‌లో ఉండాల్సినవాటికి కోచింగ్ అక్కర్లేదు, ఒక రూల్ చాలు. హాబ్ (కిచెన్ గట్టులోకి దిగే స్టవ్), చిమ్నీ, ఓవెన్, డిష్‌వాషర్ మోడల్ నంబర్లు, వాటి కోసం కోయాల్సిన కటౌట్ సైజులు, ఎలక్ట్రికల్ పాయింట్లు, లామినేట్ (ప్లై మీద అతికించే పైపొర) కోడ్లు, హ్యాండిల్ కోడ్లు, కింద క్లయింట్ సంతకం, ఇవన్నీ డ్రాయింగ్ షీట్ మీద లేకుండా సైట్‌లో ప్లైవుడ్ కోయకూడదు. ఓనర్ చెప్పినా సరే కోయకూడదు. ఆ రూల్‌ని ముందు తొక్కేసేది ఎప్పుడూ ఓనరే కాబట్టి చెప్తున్నా.

రెండో రకం ఉంది చూశారూ, బిజినెస్ పెరిగేది అక్కడే. దీనికి ముందు ఒక గీత గీయాలి. ఉదాహరణకి ఐదు వేల లోపు ఖర్చయితే నన్ను అడగొద్దు, చేసేసి సాయంత్రం చెప్పు అనండి. కానీ ఆ గీత లోపల కూడా ముట్టుకోకూడనివి కొన్ని ఉంటాయి, అవి ముందే రాసివ్వండి: ప్లై గ్రేడ్ మార్చడం, ఎలక్ట్రికల్ లోడ్ మార్చడం, క్లయింట్ ఓకే చేసిన ఫినిష్ మార్చడం. సింక్ కింద నీళ్లకి తట్టుకునే ఐఎస్ 710 ప్లై అని కొటేషన్‌లో రాసి, స్టాక్ లేదని కొద్దిపాటి తేమకే ఆగే ఎంఆర్ ప్లై వేసేస్తే మిగిలేది ఎంతో కొంత, కానీ రెండేళ్లకి అది ఉబ్బినప్పుడు ఆ గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో పోయే పేరు మాత్రం మళ్లీ రాదు.

ఇక కోచింగ్ అంటే ఏంటో ఒక సైట్ మీద చూద్దాం. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడు, "సార్, ఫాల్స్ సీలింగ్ కిందకి దిగింది, వార్డ్‌రోబ్ పైన లాఫ్ట్ షట్టర్, అదే తలుపు, తెరిస్తే తగుల్తోంది." మీకు జవాబు తెల్సు, పది సెకన్లలో చెప్పేయగలరు, అక్కడే ఆగండి. "నువ్వైతే ఏం చేస్తావ్?" అని అడిగి ఊరుకోండి. మొదట్లో అటువైపు సైలెన్స్ ఉంటుంది, కొంచెం చిరాకొస్తుంది, ఓర్చుకోండి. షట్టర్ ఎత్తు తగ్గించి పైన గ్యాప్ మూసే ఫిల్లర్ పట్టీ వేద్దాం అంటాడు, లేకపోతే సీలింగ్ అంచు వెనక్కి జరుపుదాం అంటాడు. అప్పుడు మూడే ప్రశ్నలు: ఖర్చెంత, ఎన్ని రోజులు, క్లయింట్‌కి ఏమని చెప్తావ్. అతని జవాబు మీ జవాబంత గొప్పగా లేకపోయినా నడిచేదే అయితే నడవనివ్వండి. మీ పద్ధతే కరెక్ట్ అని ప్రతిసారీ సరిదిద్దితే నాలుగోసారికి ఆలోచించడం మానేసి "సార్ మీరే చెప్పండి" అంటాడు, తప్పు అతనిది కాదు. అయితే ఎల్లుండి గృహప్రవేశం పెట్టుకుని ఈ ప్రశ్నల ఆట ఆడకండి, వైరింగ్ లాంటి ప్రమాదం ఉన్న చోట అస్సలు వద్దు. అక్కడ నేరుగా చెప్పి చేయించడమే.

డిజైనర్లది ఇంకో కథ. రాత్రి కూర్చుని వాళ్ల డ్రాయింగులు మీరే సరిచేసి పంపకండి, ఎక్కడ తేడా ఉందో రెడ్ మార్క్ పెట్టి తిరిగిచ్చేయండి, ఎలా మార్చాలో వాళ్లనే చూస్కోనివ్వండి. త్రీడీ బ్రహ్మాండంగా చేసే పిల్లలకి కూడా ఖర్చు తెలియదు చాలాసార్లు. ప్లై షీట్ ఎనిమిది బై నాలుగు, అంటే 32 చదరపు అడుగులు, షట్టర్ ఎనిమిదడుగులు దాటితే అతుకు పడుతుంది, ఇది కార్పెంటర్ పక్కన సగం రోజు నిలబడితే వచ్చేంత బాగా ఏ క్లాసులోనూ రాదు. ట్రూప్ బజార్‌కి తీస్కెళ్లి హార్డ్‌వేర్ రేట్లు వాళ్లతోనే అడిగించండి.

క్లయింట్ ముందు డిజైనర్ మాట కొట్టేయకండి, ఏదైనా ఉంటే కార్లో మాట్లాడుకోండి. మొదటి మీటింగ్‌లోనే "ఈ ప్రాజెక్ట్ ఈ అమ్మాయిది, నిర్ణయాలు తనవి" అని చెప్పాలి, తర్వాత క్లయింట్ మీకు ఫోన్ చేసి డిస్కౌంటో మార్పో అడిగితే "తనతో మాట్లాడి చెప్తా" అనాలి. ఒక్కసారి మీరు పక్క నుంచి ఒప్పేసుకున్నారా, ఇక ఆ క్లయింట్ ఆ అమ్మాయి ఫోన్ ఎత్తడు.

సైట్ అయిపోయాక స్నాగ్ లిస్ట్, అంటే చివర్లో బయటపడ్డ లోపాల జాబితా, ముందేసుకుని అందరూ ఒక గంట కూర్చోండి. ఎవడు చేశాడు అని కాదు, ఈ తప్పు ఏ స్టేజ్‌లో దొరకాల్సింది అని అడగండి, వచ్చిన జవాబు చెక్‌లిస్ట్‌లో ఎక్కించండి. ఈ ట్రైనింగులకి టైం ఎక్కడిది అంటారేమో, మన పంచాంగంలోనే ఉంది. ఆషాఢం ఖాళీ అనుకుంటారు కానీ శ్రావణం ముహూర్తాల కోసం కార్పెంటర్లు రాత్రిళ్లు కూడా చేసేది అప్పుడే. శ్రావణం హ్యాండోవర్లు అయ్యాక భాద్రపదంలో కొంచెం ఊపిరి దొరుకుతుంది, అప్పుడు పెట్టుకోండి. అలాగే రాజస్థాన్, యూపీ వైపు కార్పెంటర్ టీములుంటే హోలీకి ఎవరెవరు ఊరెళ్తారో జనవరిలోనే అడిగి పెట్టుకోవాలి, ఈ పని కూడా సూపర్‌వైజర్‌కే ఇచ్చేయండి.

డబ్బు విషయం చాలామంది దాటేస్తారు. ప్రాజెక్ట్ లీడ్‌కి, అంటే ఒక ప్రాజెక్ట్ మొత్తం చూస్కునే మనిషికి, సైట్ లెక్కలు చూపించండి, ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. 18 శాతం జీఎస్టీ మనది కాదు అన్న సంగతి కూడా లెక్కలు ఎప్పుడూ చూడని లీడ్‌కి తట్టదు, మొత్తం బిల్లు చూసి సార్ బాగా సంపాదిస్తున్నాడనుకుంటాడు. ఇన్సెంటివ్ అమ్మకం మీద కాకుండా మిగిలిన మార్జిన్ మీద, స్నాగ్స్ టైంకి క్లోజ్ చేసినదాని మీద పెట్టండి. "లెక్కలు చూపిస్తే రేపు బయటికెళ్లి సొంతంగా పెట్టుకుంటాడు" అని భయం, నిజమే, కొందరు పెట్టుకుంటారు. చూపించకపోయినా పెట్టుకునేవాడు పెట్టుకుంటాడు. ఉండాల్సినవాళ్లకి ఒక స్థాయి తర్వాత లాభంలో వాటా మాట్లాడటమే మార్గం, జీతం ఐదు వేలు పెంచితే ఆగరు.

బయటి బిజినెస్ కోచ్‌ని పెట్టుకుంటే ఒకటే అడగండి, మీ సైట్‌కి వస్తాడా, మీ సోమవారం మీటింగ్‌లో మూల కూర్చుని వింటాడా అని. హోటల్ హాల్లో చప్పట్లు కొట్టించేవాళ్లకి ఫీజు కట్టే బదులు ఆ డబ్బుతో ఒక క్వాలిటీ చెకర్‌ని పెట్టుకోవచ్చు.

విజయవాడలో బ్రాంచ్ పెడదామా అన్న ఆలోచన ఇవన్నీ అయ్యాకే. ముందు ఒక వారం ఊరెళ్లండి, ఫోన్ ఒక్క మనిషి దగ్గర్నుంచే రావాలి అని చెప్పి వెళ్లండి, సైట్లు ఆగకుండా నడిస్తే అప్పుడు చూడొచ్చు. అక్కడ కొత్తగా మేనేజర్‌ని వెతక్కండి, ఇక్కడ మీ దగ్గర పెరిగిన లీడ్‌నే పంపండి, ఆ లీడ్ కుర్చీలో కూర్చునే మనిషి ఆరు నెలల ముందే ఇక్కడ తయారవుతూ ఉండాలి.