పొక్లెయిన్ మోయడానికి లోబెడ్, పుల్లర్ ఎంచుకోవడం ఎలా?

లోబెడ్ (పొక్లెయిన్ లాంటి భారీ మెషీన్లు మోసే తక్కువ ఎత్తు ట్రైలర్) కొనే చోట మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని టన్నులు లాగుతుంది?" అని. కానీ ఏదో ఒక యాక్సిల్ (ఇరుసు) మీద బరువు మించినా తనిఖీలో బండి ఆగొచ్చు, టైర్లు పేలొచ్చు. మొత్తం టన్నులు పర్మిట్ లోపలే ఉన్నా అలా జరగొచ్చు. అందుకే ట్రైలర్‌ను లాగే బండి, అంటే పుల్లర్, చివరి సంగతి. ముందు మెషీన్ కొలతలు తీసుకోవాలి, వాటిని బట్టి డెక్ (మెషీన్ నిలబడే తలం), యాక్సిళ్లు, ఆ తర్వాతే పుల్లర్.

మన దగ్గర ఎక్కువగా తిరిగే 20 టన్నుల తరగతి పొక్లెయిన్‌నే తీసుకుందాం. పేరుకు 20 గానీ అసలు బరువు 21, 22 టన్నులు ఉంటుంది. రాక్ బ్రేకర్ బిగించి, బకెట్‌ను కూడా డెక్ మీదే వేసుకుంటే ఇంకో టన్నున్నర నుంచి రెండు టన్నులు కలుస్తాయి. ట్రాకుల్లో ఇరుక్కున్న మట్టి కూడా బరువే. బ్రోచర్ అంకె నమ్ముకోకుండా ఒకసారి కాటా వేయించండి.

ఎత్తు, వెడల్పు

బూమ్ (మెషీన్ పొడవాటి చేయి) మడిచాక మెషీన్ ఎత్తు సుమారు 3.1 మీటర్లు. మామూలు ఫ్లాట్‌బెడ్ డెక్ నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి మొత్తం 4.6 అవుతుంది. రైల్వే గేట్ల దగ్గర ఎత్తు గేజ్ 4.67 మీటర్లు. ఏడు సెంటీమీటర్ల తేడాతో కరెంటు తీగల కింద బండి నడపడం ప్రాణాలతో చెలగాటం. డెక్ 1.1 మీటర్ల ఎత్తుండే సెమీ లోబెడ్ అయితే మొత్తం 4.2కి దిగుతుంది, ఇది చాలా రూట్లకు సరిపోతుంది. ఇంకా కిందికి దిగిన లోబెడ్‌కు వేరే తలనొప్పి: ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు, గుట్టలా లేచిన రైల్వే గేట్లు. లోడుతో డెక్ కొంచెం వంగుతుంది, మధ్యలో పొట్ట తగిలి బండి ఇరుక్కుంటుంది. గ్రామాల రోడ్లలో పని ఉంటే సెమీ లోబెడ్‌కే మా ఓటు.

వెడల్పు సంగతి తప్పించుకోలేం. మోటారు వాహన నిబంధనల్లో బండి వెడల్పు పరిమితి 2.6 మీటర్లు, 600 మిల్లీమీటర్ల షూలున్న (ట్రాకు పలకలున్న) ట్రాకుల వెడల్పు 2.8 మీటర్లు. కాబట్టి కొలత మించిన లోడుకు కావాల్సిన పర్మిషన్ ముందే తీసుకోండి, పక్కకు లాగే డెక్ ఎక్స్‌టెన్షన్లు, ఎర్ర జెండాలు, రాత్రికి లైట్లు పెట్టుకోండి. లోడు బయటికి పొడుచుకొస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) కింద 20,000 రూపాయల జరిమానా.

యాక్సిల్ లెక్క

2018 నోటిఫికేషన్ ప్రకారం పరిమితులు ఇవి: ముందు యాక్సిల్‌కు 7 టన్నులు, నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు 11.5, రెండు యాక్సిళ్ల టాండెమ్‌కు 21, మూడు యాక్సిళ్ల ట్రైలర్ బోగీకి (యాక్సిళ్ల గుంపుకు) 27. అంటే 4×2 పుల్లర్ (వెనక ఒకే డ్రైవ్ యాక్సిల్, అంటే ఎంజిన్ తిప్పే యాక్సిల్ ఉన్నది), మూడు యాక్సిళ్ల ట్రైలర్ కలిపితే 45.5 టన్నులు. 6×4 పుల్లర్ (వెనక రెండు డ్రైవ్ యాక్సిళ్లున్నది) అయితే 55.

8 టన్నుల 4×2 పుల్లర్, 11 టన్నుల ట్రైలర్, 22 టన్నుల మెషీన్ కలిస్తే 41 టన్నులు. 45.5కి నాలుగున్నర టన్నుల వెసులుబాటు ఉన్నట్టే కనిపిస్తుంది. ఇప్పుడు కింగ్‌పిన్ (ట్రైలర్ ముందుభాగం కింద ఉండి పుల్లర్‌కు తగిలే పిన్ను) నుంచి బోగీ మధ్యకు 9 మీటర్లు అనుకోండి. మెషీన్ బరువు కేంద్రం, ట్రైలర్ సొంత బరువు కేంద్రం రెండూ బోగీ మధ్యకు 3 మీటర్ల ముందున్నాయి. 33 టన్నుల్లో మూడో వంతు, అంటే 11 టన్నులు కింగ్‌పిన్ మీద పడతాయి. పుల్లర్ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 3.8 మీటర్లు, ఫిఫ్త్ వీల్ (కింగ్‌పిన్ కూర్చునే పుల్లర్ మీది ప్లేటు) డ్రైవ్ యాక్సిల్‌కు అర మీటరు ముందుంటే, ఆ 11లో 9.55 డ్రైవ్ యాక్సిల్‌కు వెళ్తాయి. పుల్లర్ సొంత బరువులో దాని మీద పడే 3 టన్నులు కలిపితే 12.55. పరిమితికి టన్ను ఎక్కువ!

మెషీన్‌ను అర మీటరు వెనక్కి జరిపితే కింగ్‌పిన్ మీద 9.8 టన్నులే పడతాయి, డ్రైవ్ యాక్సిల్ 11.5కి దిగుతుంది, బోగీకి 23.2 వస్తుంది. అన్నీ పరిమితిలో ఉన్నాయి గానీ డ్రైవ్ యాక్సిల్ అంచున ఉంది. బ్రేకర్ కూడా తరచూ మోసేవాళ్లకు 6×4 తప్పదు. ఓవర్‌లోడుకు 20,000, మించిన ప్రతి టన్నుకు ఇంకో 2,000 జరిమానా, పైగా మించిన లోడు దించితే గానీ కదలనివ్వరు. పొక్లెయిన్‌లో సగం ఎక్కడ దించుతారు?

బూమ్ ఎటు తిప్పారన్నదాన్ని బట్టి బరువు కేంద్రం మారుతుంది. ప్రయాణంలో ఎలా ఉంటుందో అలాగే పెట్టి కాటాకు వెళ్లండి. ముందు యాక్సిల్ ఒక్కటే ఎక్కించి తూకం, తర్వాత పుల్లర్ మొత్తం, తర్వాత బండి మొత్తం. తీసివేతలు చేస్తే ఒక్కో గుంపు బరువు తెలుస్తుంది. సరిపోయిన చోట డెక్ మీద పెయింటుతో గీత గీయండి, ఆపరేటర్ మారినా మెషీన్ అక్కడే నిలబడుతుంది.

పుల్లర్

పేరులోని అంకెలు సాధారణంగా టన్నులు, హార్స్‌పవర్ చెబుతాయి: 5530 అంటే 55 టన్నులు, 300 హెచ్‌పీ. 43 టన్నుల బండి వందకు ఆరు మీటర్లు లేచే ఎత్తు ఎక్కేటప్పుడు 250 హెచ్‌పీతో గంటకు సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే, 300తో 24 వెళ్తుంది. తేడా అంతే. క్వారీ దారిలో అసలు పరీక్ష పట్టు. పది శాతం మట్టి ఎత్తు మీద 41 టన్నులకు సుమారు 5.3 టన్నుల లాగుడు కావాలి. గులకమట్టి మీద టైరు పట్టు బరువులో 0.4 వంతు అనుకుంటే 11.5 టన్నులున్న డ్రైవ్ యాక్సిల్ 4.6 టన్నులే ఇస్తుంది, చక్రాలు అక్కడే తిరుగుతాయి. 6×4లో పుల్లర్ బరువు పెరిగి 5.6 టన్నులు కావాల్సి వచ్చినా, డ్రైవ్ యాక్సిళ్ల మీద 15 టన్నులు ఉంటాయి కాబట్టి 6 టన్నుల లాగుడు దొరుకుతుంది. వాన పడితే అదీ చాలదు, అప్పుడు ఎక్కే ప్రయత్నమే చేయొద్దు. శ్రీశైలం, మారేడుమిల్లి ఘాట్ల లాంటి దిగుడు దారులకు మంచి ఎంజిన్ బ్రేకు ఉన్న బండే తీసుకోండి.

ట్రైలర్ చూసేటప్పుడు

కింగ్‌పిన్ రెండంగుళాలా, మూడున్నర అంగుళాలా చూసి, ఫిఫ్త్ వీల్ అదే సైజుది ఉండాలి. తగిలించాక సమతల నేల మీద డెక్ లెవెల్‌గా ఉందో లేదో చూడండి. ముక్కు పైకి లేస్తే వెనక యాక్సిల్ మీదికి బరువు వెళ్లి, ఆ టైర్లే ముందుగా అరుగుతాయి. కమాన్ పట్టీల మధ్య ఈక్వలైజర్ (బరువు పంచే చేయి) బుష్‌లు అరిగినా యాక్సిళ్ల మధ్య బరువు సమంగా పడదు.

డెక్ కిందికి దించడానికి 235/75ఆర్17.5 లాంటి చిన్న టైర్లు వేస్తారు. పుల్లర్‌కుండే 295/90ఆర్20 కిలోమీటరుకు సుమారు 310 చుట్లు తిరిగితే ఇది 400 తిరుగుతుంది. దానికి వేడి ఎక్కువ, లోపల బ్రేక్ డ్రమ్ కూడా చిన్నది. గాలి తగ్గితే పేలే ప్రమాదమూ ఎక్కువే.

ర్యాంప్ పొడవు కొలవకుండా కొనొద్దు. వాలు 15 డిగ్రీలు దాటకూడదు, అంటే మీటరు ఎత్తు డెక్‌కు దాదాపు 3.9 మీటర్ల ర్యాంప్ కావాలి. రెండున్నర మీటర్లదైతే 24 డిగ్రీలు అవుతుంది. ఇనుప ట్రాకు ఇనుప ర్యాంప్ మీద తడిలో జారి మెషీన్ పక్కకు పడేది ఇక్కడే. పొడవు చాలకపోతే కింద మట్టి దిమ్మ వేసి వాలు తగ్గించండి, ర్యాంప్ మీద చెక్క బిగించండి.

కట్టడం

గట్టిగా బ్రేక్ వేస్తే 22 టన్నుల మెషీన్ తన బరువులో 0.8 వంతు బలంతో ముందుకు తోస్తుంది. చెక్క డెక్ ఘర్షణ 0.3 పోగా 11 టన్నులు చైన్ల మీద పడతాయి. ముందుకు పోకుండా ఆపేది వెనక్కి లాగి కట్టిన రెండు చైన్లే. గ్రేడ్ 80లో (చైన్ ఉక్కు బలం తరగతి) 10 మిల్లీమీటర్ల చైన్ 6.3 టన్నులు ఆపుతుంది, 13ది 10 టన్నులు. ఏటవాలుగా కట్టినప్పుడు అందులో ఏడు పదో వంతులే పనికొస్తాయి కాబట్టి 10వి రెండు కలిసి 8.8 దగ్గర ఆగిపోతాయి, 13వి 14 టన్నులు ఇస్తాయి. నాలుగు మూలలకు 13 మిల్లీమీటర్ల చైన్లు నాలుగు, బూమ్‌కు ఒకటి ప్రత్యేకంగా వేయండి. బెల్టులు ట్రాకు అంచులకు కోసుకుపోతాయి, వద్దు. బకెట్‌ను డెక్‌కు ఆనించి, స్వింగ్ లాక్ (మెషీన్ పైభాగం తిరగకుండా ఆపేది) వేయండి. బయల్దేరిన పది, పదిహేను కిలోమీటర్లకు ఆగి బైండర్లు (చైన్లను బిగించేవి) మళ్లీ బిగించండి. ట్రాకులు కుదురుకునేసరికి చైన్లు తప్పకుండా వదులవుతాయి.