కోవిడ్ తగ్గినా బుర్ర పనిచేయకపోతే ఏం చేయాలి? ఒక కుట్టుపని మనిషి అనుభవం

2021 మేలో నాకు కోవిడ్ వచ్చింది. జ్వరం పది రోజుల్లో తగ్గింది కానీ బుర్ర తేరుకోలేదు. తెనాలిలో జాకెట్లు కుడతాను నేను. టేపు పెట్టి ఛాతీ 36 అని చూసి, పుస్తకం తెరిచేలోపు ఆ అంకె మర్చిపోయేదాన్ని. ఒకరోజు పట్టు జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మీకూ ఇలాగే ఉంటే ముందు పరీక్షలు చేయించుకోండి. నేను మొదట వెళ్ళిన డాక్టరు "అంతా టెన్షన్" అని పంపేశారు. అక్కడితో ఊరుకోకండి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్ చూడమని అడగండి. వీటిలో ఏది తేడా చేసినా నీరసం, మతిమరుపు రావచ్చు. నాకు బి12 తక్కువని రెండో డాక్టరు దగ్గర తేలింది. ఇంజెక్షన్లతో అరికాళ్ళ తిమ్మిర్లు పోయాయి, మతిమరుపు మాత్రం సగమే తగ్గింది. మాట తడబడడం, మూతి వంకరపోవడం, ఒకవైపు చెయ్యి పడిపోవడం ఉన్నట్టుండి వస్తే అది వేరే సంగతి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇదంతా మన భ్రమ కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కోవిడ్ సోకిన 401 మంది మెదడు స్కాన్లను, జబ్బుకి ముందువీ తర్వాతవీ పోల్చి 2022లో ఫలితాలు ప్రచురించారు. వాసనకు సంబంధించిన భాగాల్లో, సోకనివారి కంటే వీళ్ళకి కాస్త ఎక్కువ తరుగు కనిపించింది. వీళ్ళలో చాలామందికి వచ్చింది స్వల్పమైన కోవిడే.

నన్ను నిలబెట్టింది అలసట రాకముందే ఆగడం. ఇది చెప్పినంత తేలిక కాదు. శ్రావణమాసం ఆర్డర్లు వచ్చాయి, ఆ రోజు ఓపిక ఉంది కదా అని ఆరు గంటలు కూర్చున్నాను. మర్నాడు బాగానే లేచాను. ఆ మర్నాటి నుంచి రెండు రోజులు మంచం దిగలేదు. దెబ్బ ఆలస్యంగా తగులుతుంది, అందుకే కారణం పట్టుకోలేం. ఒక వారం పాటు ఎంతసేపు పనిచేశారో, తర్వాతి రెండు రోజులు ఎలా ఉన్నాయో రాసుకోండి. నాకు నలభై నిమిషాలకి తల బరువెక్కేది. అందుకని ఇరవై ఐదుకే ఫోన్లో గంట పెట్టుకుని, మోగగానే సూది గుడ్డలోనే వదిలేసి పావుగంట కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఆ పావుగంటా ఫోన్ చూడకూడదు. రెండు వారాలు నిలకడగా ఉంటేనే ఇంకో ఐదు నిమిషాలు పెంచాను. "నడిస్తే అదే పోతుంది" అని ఎవరన్నా చెప్పినా, శ్రమ పడ్డాక ఇలా కూలబడేవాళ్ళు పట్టుబట్టి నడవకండి.

అంకెలు బుర్రలో మోయడం మానేశాను. టేపు తీయకముందే పైకి చదువుతాను, మా అమ్మాయి రాస్తుంది. ఆ కాగితాన్ని జాకెట్టు గుడ్డకే గుండుసూదితో గుచ్చుతాను. కత్తెర పట్టేముందు ఒక చేతి మీద సుద్దతో 'కు', రెండోదాని మీద 'ఎ' రాస్తాను.

వాసన కూడా పోయింది నాకు. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడుతున్నా తెలియలేదు. లవంగాలు, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి తైలం నాలుగు సీసాల్లో పెట్టుకుని, పొద్దునా రాత్రీ ఒక్కోదాన్ని ఇరవై సెకన్లు, ఆ వాసన గుర్తు చేసుకుంటూ పీల్చాలి. కనీసం మూడు నెలలు. నాకు లవంగం ముందొచ్చింది. గులాబీ ఇంకా సరిగా రాలేదు, సీసాలు మిషను పక్కనే ఉన్నాయి.