ప్రాణం దక్కాక మిగిలే జడుపుకు చికిత్స

ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉండి ఇంటికి వచ్చిన మనిషి అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే, వరంగల్ చుట్టుపక్కల పెద్దవాళ్లు ‘జడుసుకున్నడు’ అని తాయత్తు కట్టిస్తారు. కట్టించుకోవడంలో తప్పులేదు, అక్కడితో ఆగిపోతేనే నష్టం. పీడకలలు, ఆసుపత్రి దృశ్యాలు పదేపదే కళ్లముందు మెదలడం, ఆ దారినే వెళ్లకుండా తప్పించుకోవడం వంటివి నెల దాటినా తగ్గకపోతే, అది పీటీఎస్‌డీ, అంటే ప్రాణగండం లాంటి ఘటన తర్వాత వచ్చే మానసిక సమస్య కావచ్చు.

గుండెదడ, ఆయాసం ఉంటే అది భయమేనని మీరే తేల్చుకోకుండా, ముందుగా మీకు వైద్యం చేసిన డాక్టరుకు చూపించుకోండి. ఆ తర్వాత వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి రావడం కష్టమైతే, 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416లో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సైకాలజిస్టును కలిసినప్పుడు, ట్రామా (మనసుకు తగిలిన దెబ్బ) మీద దృష్టి పెట్టే సీబీటీ (మాటల ద్వారా ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) గానీ, ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) గానీ చేస్తారా అని అడగండి. ఇవి సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు పడతాయి. మొదటి రోజే అంతా చెప్పాల్సిన పనిలేదు. డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్తే చాలు.

అన్నిటికన్నా చిక్కైనది జరగని సంగతుల జ్ఞాపకం. ఐసీయూలో మత్తుమందులు, ఇన్‌ఫెక్షన్, నిద్రలేమి వల్ల కలిగే మతిభ్రమలో, నర్సు తనను చంపబోయిందని రోగికి అనిపించవచ్చు. ఇంటికొచ్చాక కూడా అది కళ్లారా చూసినట్టే ఉంటుంది. ‘అదంతా నీ భ్రమ’ అని వాదిస్తే అతడు నోరు మూసుకుంటాడు తప్ప భయం పోదు. అందుకు బదులు ఏ రోజు శ్వాస గొట్టం వేశారో, ఏ రోజు తీశారో, చేతులు ఎందుకు కట్టారో ఇంటివాళ్లు గుర్తున్నంత మేర తేదీల వారీగా ఒక నోటుబుక్కులో రాసి, అతడు అడిగినప్పుడు చదివి వినిపించాలి. దానిని థెరపిస్టు దగ్గరికీ తీసుకెళ్లండి.

తప్పించుకునే అలవాటును మెట్లు మెట్లుగా వదిలించాలి. థెరపిస్టు సలహాతో మొదట ఆసుపత్రి వీధి వరకు, మరో రోజు గేటు వరకు, ఆపై ఓపీ చీటీల వరుస దాకా వెళ్లి, జడుపు కొంత దిగేవరకు అక్కడే నిలబడాలి. భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు వెనుదిరిగితే మరుసటిసారి అది ఇంకా పెరగవచ్చు. చెకప్‌కు వెళ్లవలసిన తేదీని లెక్కలో పెట్టుకొని ఈ సాధన ముందుగానే మొదలుపెట్టండి.