అడ్వెంచర్ రైడింగ్ మనంతట మనమే నేర్చుకుందాం – 4వ భాగం: బూట్లు

పోయిన భాగంలో హెల్మెట్, గ్లౌజుల సంగతి చూసినాం కదా, ఈసారి బూట్లు. నన్నడిగితే క్రాష్ గార్డులు, ఎక్స్‌ట్రా లైట్ల కన్నా ముందు వీటికి డబ్బు పెట్టండి అంటా. మట్టిదారిలో మనం స్పీడుగా ఏం పోము, కానీ మాటిమాటికీ కాలు కింద పెడతాం, అక్కడే వస్తుంది చిక్కంతా.

నాకెట్లా తెలిసిందో చెప్తా. గండికోట చూసుకుని జమ్మలమడుగుకు తిరిగొస్తా రోడ్డు వదిలేసి పొలాల్లో మట్టిబాట పట్టినా, కాళ్లకు మామూలు స్పోర్ట్స్ షూ. స్పీడు 20 కూడా ఉండదు. గులకరాళ్లలో ముందు చక్రం జారింది, పడిపోతానేమో అని ఎడమకాలు కింద పెట్టేసినా. కాలు నిలబడిపోయింది, బండి మాత్రం ముందుకు పోతానే ఉంది, వెనక తగిలించిన సామాన్ల పెట్టె వచ్చి పిక్కను గుద్ది పాదాన్ని కిందికి లాక్కుంది, పాదం మెలిపడింది, దాని మీద బండి వాలిపోయింది. నా బండి హిమాలయన్ 450 ఒక్కటే 196 కిలోలు, సామాను వేరే. చీలమండ విరిగి ఆరు వారాలు మంచంలో ఉన్నా. అమ్మేమో పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటుంది, మామేమో ఆపరేషన్ చేయిద్దాం అంటాడు, ఇంట్లో రోజూ అదే పంచాయితీ. తోలు మందం, వాటర్‌ప్రూఫ్, లుక్కు, ఇవన్నీ తర్వాతి మాటలని అప్పుడర్థమైంది. పాదం మెలిపడకుండా, బండి కింద నలగకుండా ఆపుతుందా లేదా, ముందు చూడాల్సింది అదే.

కడప వైపు నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, "అన్నా, సిమెంట్ ఫ్యాక్టరీ సేఫ్టీ షూ ఉంది, ఉక్కు ముక్కుది, అది సరిపోదా?" అని. ఎర్రగుంట్ల చుట్టూ ఫ్యాక్టరీలే కాబట్టి ప్రతి రెండో ఇంట్లో ఒక జత ఉంటుంది. అది మంచి షూనే, కాకపోతే దాని పని వేరు. పైనుంచి బరువు పడితే వేళ్లు నలగకుండా 200 జౌళ్ల దెబ్బకు టెస్ట్ చేస్తారు. చీలమండ మెలిపడకుండా పట్టే ఏర్పాటు మాత్రం అందులో ఉండదు, ఎముక మీద గట్టి డిప్ప ఉండదు, ముక్కు లావుగా ఉండి గేర్ లివర్ కింద దూరదు. ట్రెక్కింగ్ షూ కూడా అంతే, నడవడానికి ఈజీగా వంగాలనే దాన్ని అట్లా చేస్తారు, మనకేమో వంగకూడదు.

ఇప్పుడు చేతులతో చేసే పరీక్షలు. షాపులో మొహమాటపడొద్దు. ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పండి. సులభంగా తిరిగిందంటే అక్కడే పెట్టేసి రండి. తర్వాత బూటును వెడల్పుగా ఉండే చోట రెండు అరచేతుల మధ్య పెట్టి పక్కల నుంచి గట్టిగా అదమండి, బండి కింద పడ్డప్పుడు పాదం మీద పడే ఒత్తిడి ఇట్లాంటిదే, అడుగు మడతపడిపోతే లాభం లేదు. చీలమండకు రెండు పక్కలా బొటనవేలితో నొక్కి చూడండి, లోపల గట్టి డిప్ప తగలాలి. చాలా బూట్లలో బయటి పక్క ఉంటుంది, లోపలి పక్క ఒట్టి స్పాంజే, కానీ ఇంజన్ వైపు ఉండేది లోపలి పక్కే కదా. ముంగాలు ఎముక, అంటే మోకాలి కింద ముందుండే ఎముక, దాని మీద ప్లేటుందా అని వేలితో కొట్టి చూడండి, రాళ్లు ఎగిరొచ్చి తగిలేది అక్కడే, నాపరాళ్ల గనుల దారిలో పోయినోళ్లకు ఇది చెప్పే పనిలేదు.

లోపలుండే లేబుల్ కూడా చదవాలి. మోటార్‌సైకిల్ మనిషి బొమ్మ, కింద ఈఎన్ 13634 అని ఉండాలి, అది యూరప్ వాళ్లు బైక్ బూట్లకు పెట్టిన ప్రమాణం. 2017 ఎడిషన్ ప్రకారం చేసినవైతే బొమ్మ కింద నాలుగు అంకెలుంటాయి, ఒక్కోటి 1 గానీ 2 గానీ. మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద రాపిడికి తట్టుకునేది, మూడోది కోతకు, నాలుగోది ఇందాక అరచేతులతో అదిమినామే ఆ గట్టితనం. 2 అంటే ఎక్కువ రక్షణ. మట్టిదారి తిరిగేవాళ్లు మొదటి అంకె, నాలుగో అంకె రెండూ 2 ఉండేవి వెతకండి. పక్కన ఐపీఏ అనుంటే చీలమండ దెబ్బకు, ఐపీఎస్ అనుంటే ముంగాలు దెబ్బకు విడిగా టెస్ట్ చేసినారని, డబ్ల్యూఆర్ అంటే నీళ్లకు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి, ఇది మన సీమకు నా సొంత అభిప్రాయం. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, ఎండాకాలం కర్నూల్లో 40 దాటి మండుతుంది. వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న బూటులో మే నెలలో కాళ్లు ఉడికిపోతాయి. పైగా వంక దాటేటప్పుడు నీళ్లు పైనుంచి లోపలికి పోయినాయంటే ఆ పొర బయటికి పోనీయదు, రోజంతా చెరువులో కాళ్లు పెట్టుకున్నట్టే. పొర లేని బూటు కొనుక్కుని వానాకాలానికి వాటర్‌ప్రూఫ్ సాక్సులు పెట్టుకోండి. లడఖ్ పొయ్యేవాళ్ల లెక్క వేరు.

లేసులతో మూసేవి వద్దు, ఊడిన లేసు గేర్ లివర్‌కో, పాదం ఆనించే ఫుట్‌పెగ్‌కో చుట్టుకుంటే కాలు కింద పెట్టే టైం కూడా ఉండదు. ఒట్టి జిప్ ఉండేవి కూడా నాకు నమ్మకం లేదు. బకిల్స్ అయితే మేలు, విరిగితే విడిగా దొరుకుతాయా అని కొనేముందే అడగండి. అడుగున గాడులు మరీ లోతుగా ఉంటే నంద్యాల వైపు నల్లరేగడిలో అర కిలో మట్టి అంటుకునొస్తుంది, మరీ నున్నగా ఉంటే పెగ్ మీద జారుతుంది, మధ్యస్థంగా చూసుకోండి.

సైజు కోసం సాయంత్రం పోండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రైడింగ్‌కు వేసుకునే మందం సాక్సులు, మోకాలి గార్డులు రెండూ తీసుకుపోండి, గార్డు కింది అంచు బూటు పై అంచుతో కొట్టుకుంటే ఆ బాధ వంద కిలోమీటర్ల తర్వాత తెలుస్తుంది. నిలబడినప్పుడు వేళ్ల ముందు కొంచెం సందుండాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బండ్ల ఎత్తుకు కాళ్లందని వాళ్లకు మందమైన అడుగు కాస్త సాయం చేస్తుంది, అది బోనస్ అనుకోండి.

కొత్త బూటు మొదట్లో చెక్కలాగే ఉంటుంది, భయపడి వాపస్ ఇవ్వొద్దు. రోజూ ఒక గంట ఇంట్లోనే వేసుకుని మెట్లెక్కి దిగండి. తడిస్తే ఎండలో పెట్టొద్దు, పొయ్యి పక్కన అసలే వద్దు, తోలు పగులుతుంది. లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి.

ఈ వారం మీ పని ఇది. ఇప్పుడు మీరు బండి మీద వేసుకునే షూ తీసుకుని మెలితిప్పే పరీక్ష, అదిమే పరీక్ష చేయండి. తర్వాత బండిని సెంటర్ స్టాండ్ వేసి, అది లేకపోతే ఎవరినైనా పట్టుకోమని, ఇంజన్ ఆపేసి పెగ్‌ల మీద నిలబడి ముక్కు గేర్ లివర్ కింద దూరుతుందా చూడండి. బైక్ బూటు వేస్తే దూరదు చాలామందికి, లివర్ పైకి జరపాల్సొస్తుంది. ఎంత జరపాలో, ఏ స్పానర్‌తో జరపాలో 5వ భాగంలో చేద్దాం, అప్పటికి మీ లివర్‌కీ పెగ్‌కీ మధ్య దూరం టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి.