స్కానింగ్ గదుల వద్ద దాడులు: సిబ్బంది తీసుకోవలసిన జాగ్రత్తలు

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి రద్దీ ఉండే చోట, ముందు వచ్చిన తమవారిని ఆపి ప్రమాదంలో గాయపడిన వ్యక్తిని సీటీ స్కాన్ గదిలోకి తీసుకెళ్తే, కారణం తెలియని బంధువులకు అది అన్యాయంగానే తోస్తుంది. కాబట్టి అత్యవసర కేసు రాగానే బయటికి వచ్చి, ఆలస్యం ఎందుకో, సుమారు ఎంతసేపో వారికి మర్యాదగా చెప్పండి.

మాట పెరిగితే వాదించకండి. చేతికి అందనంత దూరంలో, బయటికి వెళ్లే దారి మీ వెనుక ఉండేలా నిలబడి, సెక్యూరిటీని పిలవండి; అవసరమైతే 112కు ఫోన్ చేయండి. రాత్రి డ్యూటీలో టెక్నీషియన్‌ను ఒంటరిగా ఉంచడం ఏ యాజమాన్యమూ చేయకూడని పని.

ఎంఆర్‌ఐ గది విషయం మరింత తీవ్రమైనది. స్కాన్ జరగనప్పుడు కూడా అక్కడి అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది కనుక, ఎవరైనా కోపంతో ఇనుప కుర్చీతోనో ఆక్సిజన్ సిలిండర్‌తోనో లోపలికి దూసుకొస్తే, ఆ వస్తువు యంత్రం వైపు ఎగిరి, అందులో పడుకున్న రోగి ప్రాణమే తీయవచ్చు. అందుకే ఆ తలుపు సిబ్బంది మాత్రమే తెరవగలిగేలా ఉండాలి.

దాడి జరిగితే ముందు చికిత్స చేయించుకుని, గాయాలను నమోదు చేయించండి. సీసీటీవీ దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని రాతపూర్వకంగా కోరండి. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య సిబ్బందిపై, ఆసుపత్రులపై దాడులను అరికట్టే 2008 నాటి చట్టం టెక్నీషియన్ల వంటి పారామెడికల్ సిబ్బందికీ వర్తిస్తుంది. ఆ నేరానికి బెయిల్ హక్కుగా లభించదు, మూడేళ్ల వరకు జైలు, రూ.50,000 వరకు జరిమానా పడవచ్చు. ధ్వంసమైన వైద్య పరికరాల కొనుగోలు ధరకు రెట్టింపు నష్టపరిహారం కూడా దోషులు చెల్లించవలసి రావచ్చు. ఫిర్యాదును బాధితుల మీదే వదిలేయకుండా ఆసుపత్రి తరఫున ఇవ్వమని సూపరింటెండెంట్‌ను అడగండి.