చిన్నపిల్లల తిండి, ఆట, బరువు – 3వ పాఠం: పీట మీద కూర్చుని ఇల్లు చూద్దాం

ముందు పాత హోంవర్క్ సంగతి. మొదటి పాఠంలో పిల్లల ఎత్తు, బరువు తీసి ఎదుగుదల కార్డు మీద చుక్క పెట్టమన్నాను. రెండో పాఠంలో వారం రోజులు ఒకే ఒక్క పని మానమన్నాను: "ఇంకొక్క ముద్ద" అనడం. మానగలిగినవాళ్లు ఈ పాఠంలోకి రండి. మానలేనివాళ్లూ రండి. నాకే నాలుగో రోజుకు నోరు జారింది.

ఈసారి నేర్చుకునే పని ఇది. పిల్లల ఎత్తు నుంచి ఇంటిని చూసి, ఏ వస్తువు ఎక్కడ ఉండటం వల్ల వాళ్లు ఏం తింటున్నారో, ఎక్కడ కదలకుండా కూర్చుండిపోతున్నారో పట్టుకోవాలి. ఒక పీట, ఒక నోట్‌బుక్, పెన్ను, ఒక గంట టైమ్ కావాలి. పిల్లలు నిద్రపోయాక మొదలుపెట్టండి. లేకపోతే ఆ పీట మీద మీ బదులు వాళ్లే కూర్చుంటారు.

పీట వేసుకోండి

మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు 95, 96 సెంటీమీటర్లు. కళ్లు అంతకంటే పది సెంటీమీటర్లు కిందుంటాయి. పెద్దవాళ్లం పీట మీద కూర్చుంటే మన కళ్లూ ఇంచుమించు అక్కడికే వస్తాయి. వంటింట్లో, ఫ్రిజ్ ముందు, హాల్లో, పడగ్గదిలో ఒక్కోచోట పీట వేసుకుని కూర్చోండి. తినేవి, తాగేవి ఏవి కనపడితే అవి రాయండి. చెయ్యి చాపితే అందేదాని పక్కన 'అం' అని, కనపడుతుంది కానీ అందదు అన్నదాని పక్కన 'క' అని రాసుకోండి.

మా ఇంట్లో మొదటిసారి ఇలా కూర్చున్నప్పుడు మా అమ్మాయికి మూడున్నరేళ్లు. డైనింగ్ టేబుల్ మీద ఎప్పుడూ అరటిపళ్లు, జామకాయలు ఉంటాయి. "మా ఇంట్లో పళ్లు కళ్లెదురుగానే పెడతాం" అని నలుగురికీ గొప్పగా చెప్పేదాన్ని కూడా. పీట మీద నుంచి చూస్తే ఆ బుట్ట అల్లిక తప్ప ఒక్క పండు కనపడలేదు. కనపడిందల్లా స్టవ్ కింద అరలో, లోపల ఏముందో తెలిసే ప్లాస్టిక్ డబ్బాలో, క్రీమ్ బిస్కెట్లు. తల ఎత్తితే ఫ్రిజ్ మీద జంతికల స్టీలు డబ్బా. బాత్రూమ్‌లో ఉండాల్సిన ప్లాస్టిక్ స్టూలు రోజూ ఫ్రిజ్ పక్కకు ఎలా వస్తోందో అప్పుడు తెలిసింది. అంతకుముందు దానికి పనిమనిషిని తిట్టుకున్నాను.

మీ లిస్టులో 'అం'ల కంటే 'క'లనే ఎక్కువగా అనుమానించండి. అమెరికాలో జెనిఫర్ ఫిషర్, లీన్ బిర్చ్ 1999లో చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. నచ్చే తినుబండారాన్ని అందుబాటులో లేకుండా చేస్తే, దాని గురించి మాట్లాడటం, అదే కావాలని అడగడం పెరిగింది. మన ఇళ్లలో దీనికి అధ్యయనం అక్కర్లేదు. అటక మీద సున్నుండల డబ్బా ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లెవర్ని అడిగినా చెబుతారు.

అందుకే నా లెక్కలో 'క' అనే గుర్తు ఇంట్లో మిగలకూడదు. ఉన్న ప్రతి 'క'నీ మూడింట్లో ఒకటి చేయండి: అందేలా కిందికి దించండి, అసలు కనపడని చోటికి మార్చండి, లేదా వచ్చే నెల సరుకుల చీటీలోంచి కొట్టేయండి. నేనైతే మూడోదానికే ఓటేస్తాను. కొన్నది ఎవరో ఒకరు తింటారు, ఇంట్లో చిన్నవాళ్లే ఖాళీగా ఉంటారు. అలాగని పండగనాడు అరిసెలు దాచిపెట్టి పిల్లల్ని ఏడిపించమని కాదు. చేసినరోజు అందరూ కూర్చుని, అందరితోపాటు వాళ్లకీ పెట్టి, హాయిగా తినండి.

ఖాళీ అయిన కింది అరలోకి ఏం రావాలి? అరటిపళ్లు, కోసిన జామకాయ ముక్కలు, ఉడికించిన చిలగడదుంప, మరమరాలు. నాలుగేళ్లలోపు వాళ్లకు పల్లీలు, శనగలు గింజగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పల్లీలైతే పొడి కొట్టి కలపండి, శనగలైతే మెత్తగా ఉడికించి మెదపండి. ద్రాక్షపళ్లను నిలువునా కోసి ఇవ్వండి.

ఎక్కడెక్కడ తిన్నారు?

రేపు పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంకో పేజీ. మీ ఇంటి ప్లాన్ గీయండి, వంకరగా వచ్చినా పర్వాలేదు. పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకున్న ప్రతిచోటా ఒక చుక్క పెట్టండి. ఎదురుగా టీవీగానీ ఫోన్‌గానీ ఆడుతుంటే చుక్క చుట్టూ సున్నా చుట్టండి. మామూలుగా ఏమవుతుందంటే, సోఫా దగ్గర చుక్కల మీద చుక్కలు పడతాయి, బాల్కనీలో రెండు, మెట్ల మీద ఒకటి, చాప వేసి కంచం పెట్టిన చోట ఒక్కటీ ఉండదు. గిన్నె పట్టుకుని మనం వెంటపడిన దారి అంతా ఆ పేజీ మీద కనపడుతుంది.

ఇలా ఎందుకు వెంటపడతామో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పుట్టినప్పటి బరువుకు మొదటి పుట్టినరోజు నాటికి మూడింతలవుతారు పిల్లలు. రెండేళ్లు దాటాక ఏడాదికి పెరిగేది రెండు కిలోలే. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ నెమ్మదిస్తుంది. నిరుడు గిన్నెడు తిన్న పిల్ల ఈ ఏడు నాలుగు ముద్దలకే మొహం తిప్పేసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకు అది జబ్బులా కనపడుతుంది. వెంటనే ఫోన్ బయటికొస్తుంది. బొమ్మ ఆడుతుంటే నోరు తెరుచుకుంటుంది, కడుపు నిండిన సంగతి పిల్లకే తెలియదు. వద్దని చెప్పడం వచ్చిన పిల్లకు ఆ మాట మరిచిపోయేలా మనమే నేర్పుతున్నాం.

ఈ పాఠంలో మీకు ఎదురయ్యే అసలు పరీక్ష ఇక్కడే. మా అత్తగారికీ నాకూ జరిగిన మాటలు అలాగే రాస్తున్నాను.

"ఏమ్మా, పిల్ల నాలుగు మెతుకులు తిని లేచిపోతే చూస్తూ కూర్చుంటావా?"

"రెండు గంటలాగి మళ్లీ పెడతాను కదా అత్తయ్యా."

"ఆ రెండు గంటలూ బిస్కెట్ తిననిస్తావా మరి?"

"ఇవ్వను. ఆకలేస్తే పెరుగన్నమే తింటుంది."

"చూద్దాం."

చూశారు. మొదటి మూడు రోజులు పెరుగన్నం పక్కకు నెట్టింది, ఇల్లంతా ఏడుపే. నాలుగో రోజు కాస్త తింది. ఏమైనా నేను చెప్పింది సగమే నిజం, మా అత్తగారు అడిగింది మిగతా సగం. మధ్యలో బిస్కెట్ ఆగితేనే భోజనానికి ఆకలి మిగులుతుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది మన చేతిలో, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది వాళ్ల చేతిలో. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన ఈ వంతుల లెక్క రెండో పాఠంలో చూశాం. అది నిలబడాలంటే తినే చోటు ఒకటే అయి ఉండాలి.

కంచం సంగతి కూడా ఒక మాట. 2000లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో మూడేళ్లవాళ్లు, ఐదేళ్లవాళ్ల ముందు చిన్నా పెద్దా పరిమాణాల్లో భోజనం పెట్టారు. మూడేళ్లవాళ్లు ఎంత పెట్టినా ఇంచుమించు అంతే తిన్నారు. ఐదేళ్లవాళ్లు మాత్రం ఎక్కువ పెడితే ఎక్కువ తిన్నారు. అంటే ఆ రెండేళ్లలో ఎక్కడో కడుపు మాట పక్కకుపోయి కంచం మాట మొదలవుతోంది. చిన్న స్టీలు ప్లేటు, చిన్న గరిటె చాలు. అడిగితే మళ్లీ వడ్డించండి.

తాతయ్య జేబు

పీట మీద నుంచి కనపడనివి కొన్నుంటాయి. తాతయ్య చొక్కా జేబు అందులో ముఖ్యమైనది. సాయంత్రం ఇంటికి రాగానే పిల్ల చెయ్యి అందులోకి వెళుతుంది. ఒక చాక్లెట్. ఇక్కడ చాలామంది చేసే తప్పు, "పిల్లకు అవి ఇవ్వకండి నాన్నా" అని మొహం మీద అనేయడం. రిటైరైన మనిషికి రోజంతట్లో అదొక్కటే సంబరం కావచ్చు, దాన్ని లాక్కుంటారా? బదులుగా ఇంకోటి ఇవ్వండి. పాలప్యాకెట్‌కో, గుడికో, వీధి చివర మేకపిల్లల్ని చూడటానికో మనవరాలిని నడిపించుకెళ్లే డ్యూటీ ఆయనకే అప్పగించండి. చాక్లెట్ వారానికోసారికి తగ్గుతుంది, ఇద్దరికీ నడక మిగులుతుంది. కొన్ని ఇళ్లలో తగ్గదు. అప్పుడు ఆ ఒక్కటీ వదిలేసి మిగతావి సరిచేయండి.

ఆట ఎక్కడ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లలకు లెక్క ఇచ్చింది. ఏడాది నిండినప్పటి నుంచి రోజుకు 180 నిమిషాలు కదలాలి. మూడు, నాలుగేళ్ల వాళ్లయితే అందులో 60 నిమిషాలు రొప్పేలా ఆడాలి. రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ వద్దు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మేలు. వీపున కట్టుకుని, ప్రామ్‌లో, కుర్చీలో బెల్టు పెట్టి ఒక్క తడవకు గంట దాటి కదలనివ్వకుండా ఉంచకూడదు. నిద్ర మూడు, నాలుగేళ్లకు 10 నుంచి 13 గంటలు, పగటి కునుకుతో కలిపి.

మూడు గంటలంటే భయపడకండి, ఒక్క దెబ్బన కాదు. ఫ్లాట్లలో ఉండేవాళ్లు హాలు కొలవండి. టీపాయ్ గోడకు జరిపితే ఎన్ని అడుగుల నేల ఖాళీ అవుతుంది? మా ఇంట్లో ఆరడుగులు వచ్చింది, అక్కడ సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీశాను. మూడేళ్లవాళ్లకు ఒంటికాలు రాదు, రెండు కాళ్లతో గెంతుతారు, అదే చాలు. తర్వాత ఫోన్ ఛార్జర్ ఎక్కడుందో చూడండి. సోఫా పక్కనుంటే ఫోన్ అక్కడే ఉంటుంది, పిల్లలూ అక్కడే ఉంటారు. దాన్ని పడగ్గదిలో ఎత్తయిన ప్లగ్గుకు మార్చడం ఈ పాఠం మొత్తంలో అన్నిటికంటే చవకైన పని.

ఒక చిన్న లెక్క

ఫ్రిజ్ తలుపులో ఉన్న జ్యూస్ ప్యాకెట్ తీయండి. వెనకాల 'షుగర్స్' అన్న వరుస చూడండి. 100 మిల్లీలీటర్లకు 13 గ్రాములు అని ఉందనుకుందాం. ప్యాకెట్ 200 మిల్లీలీటర్లు, కాబట్టి 26 గ్రాములు. చిన్న చెంచాకు నాలుగు గ్రాముల పంచదార పడుతుంది. 26ని 4తో భాగిస్తే ఆరున్నర చెంచాలు. ఆ ఆరున్నర చెంచాల పంచదారనూ నిజంగానే ఒక గ్లాసులో పోసి ఇంట్లో అందరికీ చూపించండి, మాటలక్కర్లేదు. పాలల్లో కలిపే పొడులకూ ఇదే లెక్క చేయండి. అలాంటి డ్రింకులను 'హెల్త్ డ్రింక్స్' వరసలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు చెప్పింది.

బరువు గురించి, భయపడకుండా

మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు మించిన బరువున్నవాళ్లు నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, ఐదో సర్వేకు 3.4 శాతం. అదే ఐదో సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 35.5 శాతం. కాబట్టి బొద్దుగా ఉన్నవాళ్లందరినీ అనుమానించకండి, అలాగని "బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం" అనీ ఊరుకోకండి. మొదటి పాఠంలో పెట్టిన చుక్క చూడండి. ఎత్తుకు తగ్గ బరువు గీతల్లో '+2' అని ఉన్న గీత దాటితే డాక్టరుకు చూపించండి, మీ అంతట మీరు తిండి తగ్గించకండి. ఈ వయసులో బరువు దించడం సాధారణంగా లక్ష్యం కాదు. బరువు నిలకడగా ఉంటే, ఎత్తు పెరిగి దానంతటదే సర్దుకునే వీలుంది. సన్నగా ఉన్నవాళ్లకూ ఈ పాఠంలోని మార్పులే పనికొస్తాయి: ఒకే చోట భోజనం, మధ్యలో బిస్కెట్ లేకపోవడం, పరుగెత్తడానికి నేల.

ఈ వారం పని

పీట లిస్టు, చుక్కల పేజీ పూర్తి చేయండి. రెండూ చూసి ఇంట్లో మూడే మూడు వస్తువులు జరపండి, నాలుగోది వద్దు. నాలుగో పాఠంలో బడికి కట్టే డబ్బా సంగతి. అప్పటికి ఒక వారం పాటు డబ్బాలో ఏం వెనక్కొచ్చిందో కడగబోయే ముందు రాసిపెట్టుకోండి, మూత వాసన చూసి గుర్తుపట్టినవైనా సరే.