పాత రికార్డు గరగరలాడుతోందా? కంప్యూటర్ తెరవకముందే చూడవలసినవి

మా నాయనమ్మ దాచుకున్న పద్యనాటకాల గ్రామఫోన్ ప్లేట్లు ముప్పై ఉండేవి. వాటిని ఒకే ఆదివారం కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ ఫైళ్లలో ఒక్కటి కూడా ఇప్పుడు నా దగ్గర లేదు. మళ్లీ మొదటి నుంచి చేయడానికి ఏడు నెలలు పట్టింది. మొదటిసారి ప్రతి లోపాన్నీ సాఫ్ట్‌వేర్‌తో సరిచేయవచ్చని అనుకున్నాను. నిజానికి వాటిలో చాలా భాగం ప్లేటు దగ్గర, ముల్లు దగ్గర సరిచేయవలసినవే.

చిటపటలు, గరగర

మొదట అనుమానించవలసింది మురికినే, అరుగుదలను కాదు. శబ్దం ముద్రించిన సన్నని గాడిలో దశాబ్దాల దుమ్ము, వంటింటి జిడ్డు ఉంటాయి. తీరప్రాంతపు ఇళ్లలో అయితే బూజు కూడా ఉంటుంది. బూజు పట్టిన ప్లేటును ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట తుడవండి.

కడిగే ముందు అది ఏ రకం ప్లేటో చూసుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు (78లు) చాలావరకు లక్కతో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. శానిటైజర్, వైద్యానికి వాడే స్పిరిట్, స్క్రీన్లు తుడిచే ద్రవాలు వీటి మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల మెత్తని సబ్బు ద్రవం కలిపి, మెత్తని కుంచెతో గాడి తిరిగే దిశలోనే రుద్దండి. లేబుల్ తడవకూడదు. తరువాత సబ్బు లేని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నూలు పోగులు రాలని గుడ్డతో అద్ది, నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. ఎండలో పెట్టవద్దు, వంగిపోతుంది. అంచు పగిలిన ప్లేటును నీళ్లలో ముంచవద్దు, పగులులోంచి నీరు లోపలికి దిగుతుంది.

ఒక్కసారి కడిగి వదిలేయకండి. నా ప్లేట్లలో కొన్ని మూడోసారి కడిగాకే నోరు విప్పాయి. మొదటి రెండుసార్లూ నీళ్లు టీ రంగులో వచ్చాయి.

కడిగినా గొంతు బొంగురుగా చీలుతోంది

ఇప్పుడు ముల్లును చూడండి. 78 ప్లేటు గాడి వెడల్పైనది. దానికి కొన దాదాపు 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసార్థం ఉన్న ముల్లు కావాలి. ఎల్పీ (తరువాత వచ్చిన, నెమ్మదిగా తిరిగే వినైల్ ప్లేటు) ముల్లు కొన 25 మైక్రాన్లో, అంతకంటే తక్కువో ఉంటుంది. ఎల్పీ ముల్లుతో 78 వాయిస్తే అది గాడి అడుగుకు జారి మురికిలో ఈడ్చుకుంటూ పోతుంది. చాలామంది ‘ప్లేటు పాడైపోయింది’ అని తేల్చేది ఇక్కడే. 78 కోసం చేసిన ముల్లు విడిగా దొరుకుతుంది. మరే ఖర్చు కంటే ముందు ఈ ఖర్చు పెట్టండి.

సరైన ముల్లు పెట్టినా చీలిక పోకపోతే అది అరుగుదలే. పాత గ్రామఫోన్ ఉక్కు ముల్లును ప్లేటు ఒక్కో వైపు వాయించాక మార్చాలి. ఇళ్లలో ఒకే ముల్లుతో నెలలు గడిపేవారు. అలా అరిగిన గాడికి కాస్త పెద్దదో చిన్నదో అయిన ముల్లు వాడి చూడండి. అది గాడి గోడ మీద అరగని ఎత్తును తాకితే మూసుకుపోయిన గొంతు తిరిగి వినిపించవచ్చు.

ఎల్పీలో చివరి పాట దగ్గర మాత్రమే చీలిక వస్తుంటే కారణం వేరు. ప్లేటును తిప్పే పళ్లెం అదే వేగంతో తిరిగినా, లోపలికి వచ్చేసరికి ముల్లు కింద గాడి కదిలే వేగం బయటి అంచుతో పోలిస్తే సగానికి తక్కువ. కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచే చిన్న భాగం) అమరిక, ముల్లు బరువు సరిచూడండి. కొంత చీలిక ఎలాగూ మిగులుతుంది.

శ్రుతి తేడాగా ఉంది

78 అని పేరే గానీ, తొలినాళ్ల ప్లేట్లు 70 నుంచి 80కి పైగా రకరకాల వేగాలతో ముద్రించినవి. ముందుగా మీ పళ్లెం వేగం సరిచూడండి. మన 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే నియాన్ దీపం కింద 77 గీతల స్ట్రోబ్ చక్రాన్ని (వేగం చూడడానికి పళ్లెం మీద పెట్టే గీతల బిళ్ల) పెట్టి చూస్తే, గీతలు కదలకుండా కనిపిస్తే వేగం 78కి చేరినట్టే. కొన్ని ఎల్ఈడీ దీపాల కింద ఈ పరీక్ష పనిచేయదు.

ఆ తరువాత చెవిని నమ్మాలి. ప్లేటులోని హార్మోనియం మీ హార్మోనియంలో రెండు మెట్ల మధ్య పలికితే వేగం తప్పి ఉండవచ్చు. ఒక మెట్టు తేడా అంటే వేగంలో సుమారు 6 శాతం. పైకీ కిందికీ రెండూ ప్రయత్నించి, గాయకుడి మాట సహజంగా వినిపించే చోట ఆగండి. ఆ కాలపు హార్మోనియంలన్నీ ఒకే కొలతకు కట్టినవి కావు కాబట్టి ఇది తుది తీర్పు కాదు. సందేహం ఉంటే ఆ పద్యం తెలిసిన పెద్దవారి చేత వినిపించుకోండి.

శ్రుతి ప్రతి చుట్టుకూ ఊగుతుంటే ప్లేటు మధ్య రంధ్రం కేంద్రంలో లేదని అర్థం. ప్లేటును వేలితో కొద్ది కొద్దిగా జరుపుతూ, ముల్లు చేయి పక్కలకు ఊగడం ఆగేదాకా చూడాలి. రంధ్రం బిగుతుగా ఉంటే ఈ పని కుదరదు. దయచేసి దాన్ని తొలచకండి.

గుయ్యిమనే మోత

ఎర్త్ తీగ. టర్న్‌టేబుల్ నుంచి ప్రీఆంప్లిఫయర్‌కు (ముల్లు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే పెట్టె) బిగించండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి.

కంప్యూటర్‌లో శుభ్రం చేశాక గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది

శబ్దం తగ్గించే ఫిల్టర్‌ను అతిగా వాడారు. గరగర, ‘స’ ‘శ’ అక్షరాల ఊపిరి దాదాపు ఒకే హెచ్చు స్థాయిలో పలుకుతాయి. ఒకదాన్ని కోస్తే రెండోది కూడా తెగుతుంది. నాకు కొంత గరగర మిగిలినా గొంతు బతికి ఉండడమే ముఖ్యం. పెద్ద చిటపటలను తెర మీద ఒక్కొక్కటిగా వెతికి చేత్తో సరిచేస్తాను. మూడు నిమిషాల ప్లేటుకు ఒక సాయంత్రం పోతుంది.

అన్నిటికంటే ముందు, ఏ ఫిల్టరూ తగలని మూలప్రతిని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకునే అమరిక) విడిగా దాచండి. స్టీరియోలో నిమిషానికి 35 ఎంబీ అవుతుంది. రికార్డు చేసేటప్పుడు అతి పెద్ద శబ్దం కూడా గరిష్ఠ మట్టానికి 6 డెసిబెళ్లు తక్కువగా ఉండాలి. పై అంచు తగిలి తెగిన శబ్దం తిరిగి రాదు. 78 ప్లేటు మోనోదే (రెండు వైపులా ఒకే శబ్దం) అయినా స్టీరియోలోనే ఎక్కించండి. గాడి రెండు గోడల్లో ఒకటి తక్కువ అరిగి ఉంటే తరువాత ఆ వైపును ఎంచుకోవచ్చు.

ఏ ఫైలు ఏ ప్లేటుదో తెలియడం లేదు

ఎక్కించిన రోజే రాయకపోవడం వల్ల ఇలా అవుతుంది. లేబుల్ నంబరు, లేబుల్ పక్కన లక్కలో చెక్కిన నంబరు, వాడిన ముల్లు, పెట్టిన వేగం, ఎన్నిసార్లు కడిగారో రాసి, రెండు వైపులా ఫోటో తీసి ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. మా నాయనమ్మ ప్లేట్లలో నాలుగింటి లేబుళ్లు చెదలు తినేశాయి. వాటిని గుర్తుపట్టగలిగింది లక్కలో చెక్కిన ఆ నంబర్ల వల్లే.